హంసల దారి, గేదెల గడ్డి



తెలుగు పండితునికి తరగతిలో ఎదురయ్యే ప్రశ్నలలో కొన్నిటికి వ్యాకరణమూ ఛందస్సూ సాయపడవు. "మాస్టారూ, హంస అంటే అసలు ఏ పక్షి?" అన్నది అటువంటి ప్రశ్న. నిఘంటువు తెరిస్తే "పక్షివిశేషము" అని ఉంటుంది. జక్కవ అంటే? పక్షివిశేషము. బెగ్గురు అంటే? అదీ పక్షివిశేషమే. మన నిఘంటుకారులను తప్పుపట్టడం నా ఉద్దేశము కాదు. పదానికి పదం చెప్పడం వారి పని. పదం వెనుక ఉన్న పక్షిని చూపించడం వేరొకరి పని. ఆ రెండవ పనికి మన దేశంలో ఒక జీవితకాలమంతా వెచ్చించినవాడు సలీం అలీ.

ఆయన పేరు వినని చదువరి ఉండడు. "పక్షుల మనిషి" అని పాఠ్యపుస్తకాలలో ఒక పేరా, ఒక బొమ్మ, ఒక పుట్టినతేదీ ఉంటాయి. అంతటితో పాఠం అయిపోతుంది. కాని ఆయన జీవితంలో నీటిపక్షులకూ చిత్తడినేలలకూ సంబంధించిన భాగాన్ని విడదీసి చదివితే, పాఠ్యపుస్తకంలో ఇమడని ఒక చరిత్ర కనబడుతుంది. అందులో మహారాజులు, వైస్రాయిలు, వేటగాళ్ళు, అంటురోగాలు, పార్లమెంటు చర్చలు, చివరకు పోలీసు కాల్పులు కూడా ఉన్నాయి. ఆ చరిత్ర చాలావరకు ఒకే ఊరి చుట్టూ తిరుగుతుంది. ఆ ఊరు రాజస్థాన్‌లోని భరత్‌పూర్.

ముందుగా మనిషిని గురించి నాలుగు మాటలు. సలీం అలీ 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టాడు. ఏడాది నిండేసరికి తండ్రి, మూడేళ్ళకు తల్లి పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచాడు. ఆ మేనమామ వేటప్రియుడు. పిల్లవాడు బొమ్మతుపాకితో కొట్టిన ఒక పిచ్చుకకు గొంతుమీద పసుపుపచ్చని మచ్చ కనిపించింది. అదేమి పిట్టో తెలుసుకోవడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళాడు. 1883లో ఏర్పడిన ఆ సంస్థకు అప్పుడు మిల్లర్డ్ అనే ఆంగ్లేయుడు కార్యదర్శి. పిల్లవాణ్ణి కసురుకోకుండా, అరల నిండా భద్రపరిచిన పక్షులను ఒక్కొక్కటిగా చూపించాడు. పెద్దవాడొకడు ఓపికగా చెప్పిన సమాధానం ఒక పిల్లవాని బ్రతుకును ఎటు తిప్పగలదో చెప్పడానికి ఉపాధ్యాయులకు ఇంతకన్న మంచి ఉదాహరణ అక్కరలేదు.

అయితే దారి సాఫీగా సాగలేదు. కొన్నాళ్ళు బర్మాలో కుటుంబ వ్యాపారం చూసుకున్నాడు. తిరిగివచ్చి జంతుశాస్త్రం చదువుకున్నాడు గాని, విశ్వవిద్యాలయపు పట్టా లేదన్న కారణంచేత జువలాజికల్ సర్వే ఉద్యోగం దక్కలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో సందర్శకులకు వివరించి చెప్పే చిన్న కొలువు దొరికింది. తరువాత బెర్లిన్ వెళ్ళి ఎర్విన్ స్ట్రెసెమాన్ అనే మహాపండితుని దగ్గర శిష్యరికం చేశాడు. హెలిగోలాండ్ ద్వీపంలో వలసపక్షులను పట్టి, కాలికి ఉంగరం తొడిగి, విడిచిపెట్టే పద్ధతి నేర్చుకున్నాడు. దేశానికి తిరిగివచ్చేసరికి ఉన్న కొలువు కూడా లేకుండా పోయింది.

సరిగ్గా ఇక్కడ మన ప్రాంతం ఆయన చరిత్రలోకి వస్తుంది. దేశంలోని సంస్థానాలలో పక్షుల లెక్క సరిగా లేదని గ్రహించి, ఆయన ఒక ప్రతిపాదన చేశాడు: ప్రయాణానికీ బసకూ అయ్యే ఖర్చు ఇస్తే చాలు, జీతం లేకుండా పనిచేస్తానన్నాడు. నిజాం ప్రభుత్వం సరేనంది. 1931లో మొదలైన హైదరాబాదు రాష్ట్ర పక్షుల సర్వే ఆయన చేసిన సంస్థాన సర్వేలలో మొదటిది. నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి మొదలుకొని సంస్థానమంతా తిరిగాడు. భార్య తెహ్మినా వెంట ఉండి, అడవిలో సంసారమంతా నడిపింది. ఆ ఫలితాలు తరువాత సొసైటీ పత్రికలో వరుసగా అచ్చయ్యాయి. తెహ్మినా 1939లో ఆకస్మికంగా మరణించింది. ఆ తరువాత ఆయనకు పక్షులే సంసారం.

1945 ఆయన జీవితంలో నీటిపక్షుల సంవత్సరం అనవచ్చు. ఆ ఏడాది కచ్ ఎడారి ఉప్పునేలలలో రాజహంసలు గుడ్లుపెట్టే మహానగరాన్ని దర్శించాడు. అక్కడ అప్పుడు సుమారు 5 లక్షల పక్షులున్నాయని అంచనా వేశాడు. (మన పత్రికలు పులికాట్ సరస్సులోని ఫ్లెమింగోలను రాజహంసలని వ్రాయడం పరిపాటి అయింది గనుక ఆ మాటే వాడుతున్నాను.) అదే ఏడాది కైలాస మానస సరోవర యాత్ర చేశాడు. పుణ్యంకోసం పోయేవారి దారిలోనే, పక్షులకోసం పోయాడు. ఆ యాత్రను గురించి సొసైటీ పత్రికలో వ్రాసిన వ్యాసానికి "పక్షిశాస్త్ర తీర్థయాత్ర" అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకున్నాడు.

మన కావ్యాలతో పరిచయమున్నవారికి ఈ యాత్రలోని ఔచిత్యం చెప్పనక్కరలేదు. వానాకాలం రాగానే హంసలు మానస సరోవరానికి వెళ్ళిపోతాయనీ, శరత్తులో తిరిగివస్తాయనీ కవిసమయం. మేఘసందేశంలో మేఘానికి తోడుగా పోయేవి అవే. నలుని కథలో రాయబారం నడిపినదీ, పింగళి సూరన ప్రభావతీ ప్రద్యుమ్నంలో శుచిముఖిగా మాట్లాడినదీ హంసే. ఇంగ్లీషు చదువులు వచ్చాక హంస అంటే స్వాన్ అని అనువాదం స్థిరపడింది. క్యాలెండరు బొమ్మల్లో పొడుగుమెడ తెల్లని స్వాన్ వచ్చి కూర్చుంది. ఆ స్వాన్ మన దేశపు వాయవ్యమూలకు ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చేదే తప్ప, దక్షిణాది చెరువులకు వచ్చే పక్షి కాదు.

మరి మానస సరోవర ప్రాంతంలో వేసవిలో గూడుకట్టి, చలికాలంలో మన మైదానాలకు దిగివచ్చే పక్షి ఉన్నదా? ఉన్నది. బార్ హెడెడ్ గూస్. బూడిదరంగు ఒళ్ళు, తెల్లని తల, ఆ తల వెనుక రెండు నల్లని పట్టెలు. అది టిబెట్, లదాఖ్, మంగోలియా సరస్సుల దగ్గర పిల్లలను చేసి, హిమాలయాలను దాటి దక్షిణానికి వస్తుంది. తమిళనాడు దాకా వస్తుంది. కవులు చెప్పిన కాలపట్టికతో దీని రాకపోకలు చాలావరకు సరిపోతాయి. కావ్యాలలోని హంస సర్వత్రా ఇదేనని నేను వాదించను. సంస్కృతంలో హంస శబ్దం ఒక్క జాతికి కట్టుబడినది కాదు. కాని కవిసమయానికి పుట్టినిల్లు కేవలం ఊహ కాదని మాత్రం చెప్పవచ్చు. జక్కవల సంగతి ఇంకా స్పష్టం. చక్రవాకమంటే నారింజరంగు బ్రాహ్మినీ బాతు. అది కూడా ఆ ఎత్తైన సరస్సుల దగ్గరే పుట్టి, చలికాలంలో మన నదుల ఇసుకతిన్నెలమీద జంటలుగా తిరుగుతుంది. కవులు దాని విరహం మీద పద్యాలు చెప్పారు. పక్షిశాస్త్రజ్ఞుడు దాని చిరునామా వెతికాడు.

ఇప్పుడు భరత్‌పూర్‌కు వద్దాము.

అక్కడ కేవలాదేవ్ పేర శివాలయం ఒకటి ఉన్నది. దాని చుట్టూ ఉన్న పల్లపునేల గంభీర్, బాణగంగ నదుల వరదనీటికి చేరువ. 18వ శతాబ్దంలో మహారాజా సూరజ్‌మల్ కాలంలో అజాన్ బంధ్ అనే కట్ట వేశారు. అప్పటినుండి అక్కడ నీరు నిలవడం ఎక్కువైంది. 19వ శతాబ్దం చివర సంస్థానంవారు గట్లు వేసి, తూములు పెట్టి, ఆ పల్లాన్ని బాతులవేటకు అనువుగా దిద్దారు. కాబట్టి మిత్రులు గమనించవలసిన మొదటి సంగతి: భరత్‌పూర్ చిత్తడి దైవదత్తమైన అడవి కాదు. మన ఊరి చెరువులాగానే మనుషులు కట్టినది. కట్టినవారి ఉద్దేశమేమో రక్షణ కాదు, వేట.

1902లో వైస్రాయి కర్జన్ గౌరవార్థం మొదటి పెద్దవేట జరిగింది. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చినప్పుడు ఒక్కరోజులో 4,273 పక్షులను కొట్టారు. ఈ అంకె ఎవరో రహస్యంగా బయటపెట్టినది కాదు. ఘనకార్యంగా రాతిమీద చెక్కించారు. ఆ శాసనం నేటికీ ఆలయం దగ్గర ఉన్నది. తేదీ మరొక్కసారి చూడండి. సలీం అలీకి ఆనాటికి సరిగ్గా 42 ఏళ్ళు నిండాయి. చరిత్ర అప్పుడప్పుడు ఇటువంటి కాకతాళీయాలను మన ముందుంచి ఏమీ ఎరగనట్లు ఊరుకుంటుంది.

స్వాతంత్ర్యం వచ్చాక కథ తిరిగింది. సంస్థానం పోయింది. చుట్టుపట్ల రైతులు సాగునీరు తమకు కావాలనీ, ఆ పల్లాన్ని సాగులోకి తేవాలనీ కోరారు. ఆ కోరికలో అన్యాయమేమీ లేదు. రాజుగారి బాతులకోసం నీరెందుకు నిలవాలి? సలీం అలీ జవహర్‌లాల్ నెహ్రూకు విన్నవించి, ఆ చిత్తడిని నిలబెట్టడంలో ముఖ్యపాత్ర వహించాడు. 1956లో అది పక్షి రక్షితప్రాంతమైంది. అయితే మహారాజుకు వేటహక్కు 1972 దాకా మిగిలింది. 1981లో మన దేశం నుండి రామ్‌సర్ జాబితాకు ఎక్కిన మొదటి రెండు చిత్తడినేలలలో చిల్కాతో పాటు ఇదీ ఒకటి. (ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో 1971లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం అది. చిత్తడినేలలకోసం, ముఖ్యంగా నీటిపక్షులకోసం ఏర్పడింది.) 1982లో జాతీయ ఉద్యానమైంది. 1985లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. విస్తీర్ణం సుమారు 29 చదరపు కిలోమీటర్లు మాత్రమే. మన కొల్లేటిలో పదోవంతు కూడా లేదు.

ఈ నడుమ అక్కడ జరిగిన శాస్త్రకృషి ఉంగరాల పని. 1959లో సలీం అలీ నాయకత్వాన సొసైటీ వలసపక్షుల అధ్యయనం ప్రారంభించింది. కచ్‌లోనూ, భరత్‌పూర్‌లోనూ, తరువాత దక్షిణాన పాయింట్ కాలిమియర్ మొదలైన చోట్లా వేలాది పక్షులను పట్టి, కాలికి అల్యూమినియం ఉంగరం తొడిగారు. ఉంగరం మీద ఒక సంఖ్య, "బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి తెలియజేయండి" అన్న అర్థంలో ఒక చిన్నమాట. అంతే. ఆ పక్షి తరువాత ఎక్కడ దొరికితే, దొరికినవారు ఉత్తరం వ్రాస్తే, ఒక దారిలో రెండు చుక్కలు తెలిసినట్లు. వేల ఉంగరాలు తొడిగితే కొన్నే తిరిగి వినబడతాయి. భరత్‌పూర్‌లో ఉంగరం వేసిన బాతులు సోవియట్ దేశపు మారుమూలలలో వేటగాళ్ళకు దొరికాయి. ఆ ఉత్తరాలు బొంబాయికి చేరాయి. హిమాలయానికి అవతల ఉన్న పుట్టిళ్ళకూ ఇవతల ఉన్న అత్తిళ్ళకూ మధ్య చుట్టరికం అలా ఒక్కొక్క ఉత్తరంతో ఋజువైంది.

పక్షులను గాయపడకుండా పట్టినవారెవరు? విశ్వవిద్యాలయాలనుండి వచ్చినవారు కారు. బీహారుకు చెందిన మీర్ షికారీలు. తరతరాలుగా వలపన్ని పిట్టలు పట్టి అమ్ముకొని బ్రతికినవారు. వారి విద్యే శాస్త్రానికి చేతులైంది. సలీం అలీకి తానే పట్టాలేనివాడు కావడంచేతనో ఏమో, ఆ విద్యను ఆయన చిన్నచూపు చూడలేదు.

ఈ పనికి డబ్బు ఎక్కడిది అన్నదే చిక్కు తెచ్చింది. 1957లో కర్ణాటకలో క్యాసనూరు అడవిజ్వరం బయటపడింది. రష్యా జ్వరమొకదానితో దానికి పోలిక కనబడడంతో, వలసపక్షుల ఒంటిమీది పేలూ గోమార్లూ రోగాన్ని మోసుకొచ్చాయేమో అన్న అనుమానం కలిగింది. ఆ అనుమానం మీదనే మొదట ప్రపంచ ఆరోగ్యసంస్థ సాయం వచ్చింది. తరువాత అమెరికా సైనిక వైద్యపరిశోధన విభాగపు సొమ్ము కూడా చేరింది. 1970ల మధ్యలో అది పత్రికలలోనూ పార్లమెంటులోనూ దుమారం లేపింది. పక్షులద్వారా రోగాలు వ్యాపింపజేసే సైనికప్రయోగం ఏదైనా ఇందులో ఉన్నదా అని నిలదీశారు. సలీం అలీ ఆ సందేహాన్ని తీవ్రంగా ఖండించాడు. ఫలితాలన్నీ బహిరంగంగా ప్రకటించిన అధ్యయనమిది అన్నది ఆయన సమాధానం. ఆయన నిజాయితీని శంకించనక్కరలేదు. కాని పరాయి సైన్యం సొమ్ము తీసుకున్నప్పుడు ప్రజాప్రతినిధులు ప్రశ్నించడం కూడా తప్పు కాదు. జ్ఞానం నిర్మలమైనదైనా, దాని ఖర్చుపద్దు నలుగురికీ కనబడవలసిందే.

ఇక అసలు సంగతి.

భరత్‌పూర్ ఉద్యానం చుట్టూ ఉన్న గ్రామాలవారు ఎన్నో తరాలుగా తమ గేదెలను ఆ చిత్తడిలోకి మేతకు తోలుకొనేవారు. గేదె మోకాలిలోతు నీటిలోకి దిగి, గడ్డి మేసి, బురద కలిపి, పేడ వేసి సాయంత్రం ఇంటికి పోయేది. దీనిని చూసిన శాస్త్రజ్ఞులకు పశువులవలన పక్షులకు చేటు అన్నది నిర్వివాదంగా తోచింది. పశువు లేని చోటే పక్షికి సుఖమన్నది ఆనాటి ప్రపంచవ్యాప్తమైన అభిప్రాయం. సలీం అలీ కూడా అదే అభిప్రాయంతో మేతనిషేధాన్ని బలపరిచాడు. జాతీయ ఉద్యానమైన 1982లోనే, నవంబరులో, నిషేధం అమలులోకి వచ్చింది. గ్రామస్థులకు ప్రత్యామ్నాయం ఏదీ సిద్ధం చేయలేదు. వారు తిరగబడ్డారు. పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు చనిపోయారు.

బాతులకోసం గట్లు కట్టిన చోట, వైస్రాయి తుపాకులు మ్రోగిన చోట, ఈసారి తుపాకి మనుషులమీద మ్రోగింది. అది కూడా పక్షులను కాపాడే పేరుతో.

చరిత్ర ఇక్కడ ఆగి ఉంటే, ఇది ప్రభుత్వపు కాఠిన్యం గురించిన మరొక విషాదకథ అయ్యేది. ఆగలేదు. 1980లోనే సొసైటీ భరత్‌పూర్‌లో దీర్ఘకాలిక పరిశోధన ఒకటి ప్రారంభించింది. వి.ఎస్. విజయన్ నాయకత్వంలో నీరు, గడ్డి, చేపలు, పురుగులు, పక్షులు అన్నిటినీ పదేళ్ళపాటు లెక్కించారు. నిషేధానికి ముందూ తరువాతా కూడా లెక్కలు ఉండడంచేత పోల్చిచూసే వీలు కలిగింది. 1991లో వచ్చిన నివేదిక సారాంశం ఇది: గేదెలు పోయాక పాస్పాలం అనే నీటిగడ్డి విచ్చలవిడిగా పెరిగి, నీటి ఉపరితలాన్ని కప్పివేసింది. బాతులకూ హంసజాతికీ కావలసిన బయలునీరు తగ్గింది. పక్షుల సంఖ్య పెరగకపోగా తగ్గింది. అంటే చిత్తడిని చిత్తడిగా నిలిపినవాటిలో గేదె మేత ఒకటి. అది పక్షికి శత్రువు కాదు, సహకారి.

హంస పాలనూ నీటినీ వేరుచేస్తుందంటారు. శాస్త్రం చేయవలసిన పని అదే. ఇక్కడ చేసింది. ఏ సంస్థ పెద్దలు నిషేధాన్ని బలపరిచారో, అదే సంస్థ పరిశోధన ఆ నిషేధంవల్ల చేటు జరిగిందని చెప్పింది. తమ పెద్దాయన మాటకు విరుద్ధంగా వచ్చిన లెక్కను దాచిపెట్టలేదు. దిద్దలేదు. సలీం అలీ 1987 జూన్ 20న, తొంభై ఏళ్ళు నిండాక కన్నుమూశాడు. తుది నివేదిక ఆయన చూడలేదు. కాని ఆయన గౌరవం ఆ నివేదికవలన తగ్గిందని నేను అనుకోను. ఎవరెంత పెద్దవారైనా లెక్కవేసి చూడవలసిందే అని ఆ సంస్థకు నేర్పినవారిలో ఆయనే ముఖ్యుడు. గురువు చెప్పిన పద్ధతితోనే గురువు అభిప్రాయాన్ని సవరించడం కన్న గొప్ప గురుదక్షిణ ఏముంటుంది?

అయితే చనిపోయినవారు తిరిగిరారు. ఈ వాక్యాన్ని కూడా ఆ నివేదిక పక్కనే వ్రాసిపెట్టుకోవాలి. పదేళ్ళ పరిశోధన పూర్తి కాకముందే నిషేధం వచ్చింది. ముందు పరిశోధించి, తరువాత నిర్ణయించి ఉంటే ఆ ప్రాణాలు దక్కేవి. కనీసం తరతరాలుగా గేదెలు కాసినవారిని కూర్చోబెట్టి, "ఈ గడ్డి మేయకపోతే ఏమవుతుంది?" అని అడిగినా సరిపోయేదేమో. పిట్టలు పట్టే మీర్ షికారీ విద్యకు విలువనిచ్చిన శాస్త్రం, గేదెలు కాసేవాని విద్యను గుర్తించలేకపోయింది.

తరువాతికాలంలో గ్రామస్థులు గడ్డి కోసుకొనిపోవడానికి అనుమతించారు. మన పొలంగట్లను కూడా ఆక్రమించిన సర్కారు తుమ్మ అక్కడా దట్టంగా వ్యాపించగా, 2007 తరువాత దానిని పెకలించే పనిలో చుట్టుపట్ల గ్రామాలవారినే భాగస్వాములను చేశారు. కలప వారికి దక్కింది, నేల పక్షులకు దక్కింది. సైకిల్‌రిక్షా తొక్కేవారు పక్షుల పేర్లు నేర్చుకొని సందర్శకులకు మార్గదర్శకులయ్యారు. 1982లో తుపాకితో సాధించబోయినదానికి ఇవే అసలు దారులు.

ఈ కథలో సమాధానం దొరకకుండా పోయినవి సైబీరియా బెగ్గురులు. పశ్చిమ సైబీరియాలో ఓబ్ నది ప్రాంతంలో పుట్టి, అఫ్ఘానిస్థాన్ మీదుగా భరత్‌పూర్ వచ్చే తెల్లని మహాపక్షులు. 1960ల మధ్యలో అక్కడ సుమారు 200 ఉండేవి. ఏటేటా తరిగి, 2001–02 చలికాలంలో ఒక్క జంట వచ్చింది. ఆ తరువాత రాలేదు. దీనికి భరత్‌పూర్ గడ్డి ఒక్కటే కారణమని చెప్పలేము. దారిపొడుగునా జరిగిన వేట, ఎండిన మజిలీలు, యుద్ధాలు దెబ్బతీశాయి. వలసపక్షి బ్రతుకు గొలుసువంటిది. ఒక దేశం ఎంత శ్రద్ధగా కాపాడినా, మధ్యలో ఒక లంకె తెగితే చాలు. అదే జాతికి చెందిన తూర్పుశాఖ పక్షులు చైనాలోని పోయాంగ్ సరస్సుకు నేటికీ వేలసంఖ్యలో వెళుతున్నాయి. జాతి బ్రతికే ఉన్నది. మన దేశానికి వచ్చే దారిని మరిచిపోయింది. పెద్ద పక్షుల వెంట ఎగిరి పిల్లలు దారి నేర్చుకుంటాయి గనుక, చెప్పే పెద్దలు పోతే ఆ విద్య అంతరిస్తుంది. మన వృత్తిపదాలకూ జానపద కథలకూ ఏమవుతున్నదో గమనిస్తున్న మిత్రులకు ఈ మాట వివరించనక్కరలేదు.

ఇక్కడే ఒక వాడుకమాటను గురించి చెప్పాలి. తేలినీలాపురం, ఉప్పలపాడు, వీరాపురం మొదలైన మన ఊళ్ళకు ఏటా వచ్చి చెట్లమీద గూళ్ళు కట్టే కొంగలనూ గూడబాతులనూ పత్రికలవారు "సైబీరియా పక్షులు" అని వ్రాస్తుంటారు. అవి సైబీరియావి కావు. ఎర్రకాళ్ళ కొంగ, గూడబాతు మన దేశపు పక్షులే. గుర్తుపట్టడానికి సులువైన సూత్రం ఉన్నది: ఉత్తరాననుండి హిమాలయాలు దాటి వచ్చే వలసపక్షి ఇక్కడ గూడు కట్టదు. ఇది దానికి చలికాలపు విడిది మాత్రమే. ఇక్కడ గూడు కట్టి పిల్లలను చేసిన పక్షికి ఇదే పుట్టినిల్లు. పురిటికి వచ్చిన ఆడపడుచును విదేశీ అతిథి అనడం న్యాయం కాదు గదా! ఆ ఊళ్ళవారు మాత్రం వాటిని నిజంగా ఆడపడుచులలాగానే చూసుకుంటారు. ఏ చట్టమూ రాకముందునుండే చింతచెట్లు కొట్టకుండా, పిల్లలను రాయి విసరనీయకుండా కాపాడారు.

కొల్లేటి కథ కూడా భరత్‌పూర్ కథకు చుట్టమే. 1949లో కె.కె. నీలకంఠన్ అనే పక్షిప్రేమికుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు గ్రామంలోని గూడబాతుల గూళ్ళను గురించి సొసైటీ పత్రికలో వ్రాశాడు. తరువాతి దశాబ్దాలలో ఆ ప్రాంతం నుండి ఆ గూళ్ళు పోయాయి. 1970లలో ప్రభుత్వమే సహకార సంఘాలకు చేపలచెరువులు తవ్వించి ఇచ్చింది. క్రమంగా ధనవంతుల చెరువులు సరస్సును చుట్టుముట్టాయి. 1999లో రక్షితప్రాంతంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాకు ఎక్కింది. 2006లో యంత్రాలు దించి చెరువుగట్లు కొట్టివేశారు. సరస్సుకు ఊపిరి ఆడడానికి అది అవసరమే. కాని పెద్దచెరువుల కామందులకూ, ఆ నీటినే నమ్ముకున్న చిన్నజాలరికీ ఒకే కొలబద్ద వాడితే ఏమవుతుందో, భరత్‌పూర్ చరిత్ర తెలిసినవారు ముందే చెప్పి ఉండేవారు. నీటిపక్షుల రక్షణ అంటే నీటిచుట్టూ బ్రతికేవారి రక్షణ కూడా. రెంటినీ విడదీసిన చోట రెండూ నిలవవు.

భరత్‌పూర్‌కు ఇటీవలి కష్టం నీటిది. ఎగువన గంభీర్ నదిమీద పాంచనా ఆనకట్ట వచ్చాక, కరువు ఏళ్ళలో ఉద్యానానికి నీరు వదలడమా, రైతుకు ఇవ్వడమా అన్న పాతతగాదా మళ్ళీ తలెత్తింది. తరువాత గోవర్ధన్ డ్రైన్ నుండి గొట్టాలద్వారా నీరు తెచ్చే ఏర్పాటు చేశారు. 1947 తరువాత నెహ్రూ ముందుకు వెళ్ళిన ప్రశ్నే ఇది. నీటి ప్రశ్న ఏ తరంలోనూ ఒక్కసారిగా తీరిపోయేది కాదు.

ఉంగరాల విద్య ఈనాడు ఉపగ్రహాల విద్య అయింది. వీపుమీద చిన్నయంత్రం కట్టిన మన పట్టెతల హంసలు హిమాలయాలను దాటేటప్పుడు 7,290 మీటర్ల ఎత్తుదాకా ఎగిరినట్లు శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. చాలావరకు అవి పర్వతసానువులను అంటిపెట్టుకొని, గాలి చల్లగా చిక్కగా ఉండే రాత్రివేళల ఎగురుతాయట. ఒక వేటగాని ఉత్తరంకోసం ఏళ్ళతరబడి ఎదురుచూసిన తరానికి ఇది మాయాదర్పణంలా తోచేది. కాని ఆ తొలి చుక్కలు కలిపినవారు లేకుంటే యంత్రం ఏ పక్షికి కట్టాలో కూడా తెలిసేది కాదు.

సలీం అలీ 1941లో వ్రాసిన భారతీయ పక్షుల పుస్తకమూ, డిల్లన్ రిప్లీతో కలిసి 1968 – 74 మధ్య వెలువరించిన పది సంపుటాలూ, 1985లో వచ్చిన ఆత్మకథా ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చాయి. పద్మవిభూషణుడయ్యాడు. రాజ్యసభకు నామినేట్ అయ్యాడు. అంతర్జాతీయ బహుమతి సొమ్మును సొసైటీకే ఇచ్చివేశాడు. ఇవన్నీ పాఠ్యపుస్తకంలో దొరుకుతాయి. గేదెల గడ్డి కథ దొరకదు. మహాపురుషులను పిల్లలకు పరిచయం చేసేటప్పుడు వారి తీర్పులలో ఒకటి తరువాతి లెక్కలలో నిలవలేదని కూడా చెప్పాలి. అలా చెప్పినందువల్ల పిల్లలకు భక్తి తగ్గదు. లెక్కమీద గౌరవం పెరుగుతుంది.

మిత్రులకు ఒక విన్నపం. మీ ఊరి చెరువుకు చలికాలంలో వచ్చే పిట్టలను మీ పెద్దవారు ఏ పేరుతో పిలిచేవారో కనుక్కొని వ్రాయండి. ఏ నెలలో వస్తాయో, ఎప్పుడు పోతాయో, ఇదివరకు వచ్చి ఇప్పుడు రానివి ఏమిటో కూడా. గేదెలు కాసేవారినీ, వలవేసేవారినీ తప్పక అడగండి. "పక్షివిశేషము" అన్న చోట ఒక్కొక్క పక్షిని తెచ్చి కూర్చోబెట్టే పని మన భాషలో ఇంకా చాలా మిగిలి ఉన్నది.